అరవై ఒకటో కాయ

"లాభం... రెండు... మూడు..." ఏలీయా గొంతు ఎత్తుకుంది. లెక్క మొదలెట్టేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి, అంబాజీపేటలో కొట్లు ఎన్ని మారినా ఈ ఒక్క మాట మారలేదు అనుకుంటూ కొబ్బరి వర్తకుడు మాణిక్యాలరావు తన షెడ్డు గోడకున్న గడియారం చూశాడు. తొమ్మిదీ ముప్పై మూడు. రాశిలో ఆరువేల పైచిలుకు కొబ్బరికాయలు. అటు ఏలీయా, ఇటు ముసలయ్య, చేతికొక కాయ చొప్పున ఇద్దరూ ఒకేసారి విసురుతారు. విసురుకి నాలుగు, ఇరవై ఐదు విసుర్లకి వంద. వంద నిండగానే ఏలీయా లెక్కయిన కాయల్లోంచి ఒకటి తీసి మాణిక్యాలరావు కాళ్ళ ముందు వరసలో పెడతాడు. అది గుర్తు. చివర్లో ఆ వరసను చూసే ఎన్ని వందలో తేలుస్తారు. మొత్తానికి గంట పడుతుంది. పదిన్నరకు బయల్దేరితే పదకొండుకు అమలాపురంలో ఉండొచ్చు. పదకొండుకు అమ్మ కంటి కట్టు విప్పుతారు. నిన్న ఆపరేషను బల్ల మీదకు ఎక్కించే ముందు చెయ్యి పట్టుకుని చెప్పింది, "ఒరే మాణిక్యం, కట్టు విప్పగానే మొదట నీ మొహమే చూస్తాను, రేపు తగలడు" అని. రెండేళ్ళుగా ఆవిడ అతన్ని గొంతు బట్టే గుర్తుపడుతోంది. లెక్క చూడ్డానికి ఏలీయా చాలు, దగ్గర కూర్చోవడానికి దళారి పోలిరాజు ఉన్నాడు, ఇప్పుడే లేచి వెళ్ళినా అడిగేవాడు లేడు. అయినా మాణిక్యాలరావు లేవలేదు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో గోవిందరాజులు కూర్చుని ఉన్నాడు మరి.

ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ మనిషి తన కాళ్ళతో తాను నడిచి ఈ షెడ్డులోకి రావాలని ఎన్ని రకాలుగా అనుకున్నాడో, తీరా వచ్చింది మాత్రం చెప్పాపెట్టకుండా, పొద్దున్నే, ట్రాక్టరు వెనకాల ఆటోలో. రాజోలు వైపు పదెకరాల తోట ఆసామి, ఆయన ఎన్నేళ్ళుగానో కాయ అమ్మే వర్తకుడు చనిపోయాడట, పోలిరాజు ఇటు తీసుకొచ్చాడు. "గోవిందరాజులు గారండి, పెద్దమనిషండి" అన్నాడు పోలిరాజు. తెలుసు. పెద్దమనిషని తెలుసు. ఆయనకే తెలియదు మాణిక్యాలరావు ఎవరో. ఆ రోజుల్లో పేరు అడిగినవాడెవడు? ఒరే లెక్కోడా అంటే పలికేవాడు. ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్తపేట నుంచి సైకిలు మీద వచ్చి, చెట్ల మీంచి కాయ దింపిన తోటల్లో ఆ కాయలు లెక్కపెట్టే పని. గోవిందరాజులు మెడ అప్పట్లో ఇలా వంగి ఉండేది కాదు, ఎడమచేతికి స్టీలు వాచీ ఉండేది, నిమిషానికోసారి దాన్ని చూసేవాడు, వాచీ చూసి మనుషుల్ని చూసేవాడు, మనుషులు వాచీకంటే నెమ్మదిగా తిరుగుతున్నారన్నట్టు. ఇప్పుడా మణికట్టు బోడిగా ఉంది. "పదకొండు... పన్నెండు..." ముసలయ్య విసిరిన కాయ ఒకటి రాశి మీంచి జారి, నేల మీద దొర్లి, గోవిందరాజులు చెప్పు దగ్గర ఆగింది. ఆయన వంగి దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు విని నవ్వుకున్నాడు. చిన్నపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టు.

ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. ఆ రోజు కూడా ఇదే వేళ. కబురు తెచ్చినవాడు సైకిలు దిగకుండానే చెప్పాడు, మీ నాన్నను అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు, ఊపిరి ఆడట్లేదు అని. చేతిలో రెండు కాయలు అలాగే ఉన్నాయి. వెళ్ళి చెప్పాడు. అండీ, మా నాన్నకి బాగాలేదంటండి, ఎళ్ళొస్తానండి. గోవిందరాజులు వాచీ చూశాడు. "లెక్క తేలాకా ఎళ్దువుగానిలే." ఎనిమిది వేల కాయలు, ఒక్కడే, పిచ్చెక్కినట్టు విసిరాడు, అరచేతుల్లో పీచు గుచ్చుకుని నెత్తురు వచ్చింది, పన్నెండుకల్లా తేల్చాడు. ఆయన రాశి వైపు ఓ చూపు చూసి, "వంద తక్కువొచ్చింది. నీ బుర్ర ఇక్కడ లేదు. చేతిలో ఉన్న కాయ మీద ఉండాలిరా బుర్ర. మళ్ళీ పెట్టు" అన్నాడు. పదిమంది ముందు. మళ్ళీ పెట్టాడు. మొదట ఎంత వచ్చిందో రెండోసారీ అంతే వచ్చింది, ఒక్క కాయ అటూ ఇటూ లేదు. ఆయన స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఇతను అమలాపురం చేరేసరికి మూడున్నర. అమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నాన్న రెండింటి దాకా ఉన్నాడట. మాణిక్యం వచ్చేడా, మాణిక్యం వచ్చేడా అని రెండుసార్లు అడిగాడట. రెండుసార్లు అని అమ్మ చెప్పకుండా ఉంటే బావుండేది. మొదటిసారి అడిగినప్పుడు తను ఎన్నో వందలో ఉన్నాడో, రెండోసారి అడిగినప్పుడు ఎన్నో వందలో ఉన్నాడో ఈ నాటికీ లెక్క కడుతూనే ఉన్నాడు.

"ఇరవై నాలుగు... ఇరవై ఐదు... వంద." గుర్తు కాయ వచ్చి వరసలో కూర్చుంది. పన్నెండోది.

"బొండాం తాగుతారాండి?" పోలిరాజు అడిగాడు.

"ఆయ్, ఇప్పించండి. నెమ్మదిగానేనండి, తొందరేం లేదు" అన్నాడు గోవిందరాజులు.

తొందరేం లేదట. ఆ మాట మాణిక్యాలరావు గొంతులో చేపముల్లులా దిగింది. అసలు తను అనుకున్నదేమిటి? ఇన్నేళ్ళూ మనసులో పేర్చుకున్నదేమిటి? ఈయన ఒక రోజు తన షెడ్డుకు వస్తాడు, వాచీ చూసుకుంటూ వస్తాడు, లెక్క అయ్యాక తను కాలుమీద కాలేసుకుని, వంద తక్కువొచ్చింది, మళ్ళీ పెట్టండి అంటాడు, ఈయన గిలగిల్లాడిపోతాడు. అంతే. చెయ్యి చేసుకోవడం కాదు, నోరు పారేసుకోవడం కాదు, ఒక గంట. తన దగ్గర తీసుకున్నది గంటలే, తిరిగి తీసుకోవాల్సిందీ గంటే. ఇంత సరసమైన పగ కోనసీమలో ఇంకెవరికీ ఉండదు. తీరా చూస్తే ఈయన బొండాంలో గొట్టం పెట్టుకుని, ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని, మింగి, ఆ తర్వాత ఊపిరి వదిలి మళ్ళీ గొట్టం అందుకుంటున్నాడు. షెడ్డు రేకుల సందులోంచి ఎండ గుండ్రంగా పడి, రాశి మీద మచ్చలు మచ్చలుగా కదులుతుంటే దాన్ని చూస్తున్నాడు. పీచు డొక్కల పోగు మీద ఉడత ఒకటి ఎక్కుతూ దిగుతూ ఉంటే దాని వెంట తల తిప్పుతున్నాడు. పొద్దుట్నుంచి తను ఆ ఉడతను చూడలేదు. ఈ షెడ్డులో ఉడత ఉందనే తెలియదు. పన్నెండేళ్ళుగా తనదే ఈ షెడ్డు.

"మా ఆవిడ పోయేకానండి," అంటున్నాడు పోలిరాజుతో, "వాచీ తీసి బీరువాలో పెట్టేసేను. ఇలా కూర్చుంటే బావుంటోందండి. పూర్వం కూర్చోవడం తెలీదు నాకు."

"అదృష్టవంతులండి" అన్నాడు పోలిరాజు, సెల్లు చూసుకుంటూ.

అదృష్టమా? ఎవరి వాటా అది? తను ఎప్పుడు కూర్చున్నాడు ఇలా? ఇరవై ఎనిమిదేళ్ళుగా తన విస్తరి ముందు ఈయనే కూర్చున్నాడు, పిలవకుండా వచ్చి. భార్య పార్వతి చేసిన పనసపొట్టు కూర నోట్లో పెట్టుకుంటే ఆవ ఘాటు కంటే ముందు 'మళ్ళీ పెట్టు' అన్న మాట తగిలేది. కూతురు అనురాధ మొదటి అడుగు వేసిన రోజు తను గుమ్మంలోనే ఉన్నాడట, పార్వతి చెబుతుంది, మీ ముందే కదండీ నడిచింది అని, తనకు గుర్తు లేదు. ఆ సాయంత్రం ఏ తోటకు వెళ్ళాలో, ఏ వర్తకుణ్ణి దాటాలో, ఎప్పటికి ఈ గోవిందరాజులు అంత ఎత్తుకు వెళ్ళాలో ఆలోచిస్తున్నాడేమో. చేతిలో ఉన్న కాయ మీద ఉండాలిరా బుర్ర. ఆ మాట మాత్రం పనికొచ్చింది. కాయల దగ్గర తన బుర్ర ఎక్కడికీ పోలేదు, అందుకే షెడ్డు వచ్చింది, రెండు లారీలు వచ్చాయి. కాయలు పక్కన పెడితే మిగిలిన అన్నింటి దగ్గరా తన బుర్ర ఈ ముసలాయన తోటలోనే, ఆ రాశి ముందే ఉండిపోయింది. ఒక్క రోజులో తీసుకున్నది ఐదారు గంటలే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాదు. అసలు లెక్క వేరే. ఆయన తీసుకున్నది పోను, తనే వెంటపడి ఇచ్చుకున్నది ఎంత? అది తేల్చబోయి ఆగాడు. వద్దు. తేల్చనక్కర్లేదు. ముందు ఈ గంట సంగతి చూడాలి.

ఫోను మోగింది. పార్వతి. "ఏవండీ, బయల్దేరేరా? అత్తయ్య గారు ఇడ్లీ కూడా తిననంటున్నారు. వాడొచ్చేకే అన్నీనట."

"వస్తన్నా."

"ఎక్కడున్నారు?"

"దార్లో ఉన్నా." ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం.

"దార్లో కాయలు లెక్కపెడతన్నారేంటండీ? ఏలీయా గొంతు వినపడతంది."

పెట్టేశాడు. పదీ నాలుగు. వరసలో ముప్పై ఆరు కాయలున్నాయి. గోవిందరాజులు కళ్ళు మూసుకున్నాడు, నిద్ర కాదు, లెక్క వింటున్నాడు, పెదవులు కదుపుతున్నాడు ఏలీయాతో పాటే, లాభం, రెండు, మూడు. భజనలో కూర్చున్నట్టు. ఈయన్ని గంట కాదు, సాయంత్రం దాకా కూర్చోబెట్టినా కూర్చుంటాడు. బెత్తం పట్టుకుని వెళ్తే నేల మీద కూర్చుని ఆడుకుంటున్న పిల్లాడిలా ఉన్నాడు. ఎక్కడ కొట్టాలి ఈ మనిషిని? ఎక్కడ తగులుతుంది? ఏమో, తగలకపోయినా సరే, అనవలసిన మాట అనాలి, ఆ మాట తన నోట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది, దాన్ని ఉమ్మేయకుండా ఇంకెన్నాళ్ళు తిరుగుతాడు? ఏలీయా కళ్ళు రాశి మీద ఉన్నాయి. ముసలయ్య కళ్ళు రాశి మీద ఉన్నాయి. పోలిరాజు సెల్లులో ఉన్నాడు. ఉడత డొక్కల మీద ఉంది. మాణిక్యాలరావు కుడికాలి బొటనవేలితో వరస చివరి కాయను మెల్లిగా తోశాడు. అది పిలక తిప్పుకుంటూ దొర్లి, లెక్కయిన కాయల్లో కలిసిపోయింది. చప్పుడేం కాలేదు. అయినా తనకు వినపడింది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఎలా పోయాయో తెలియలేదు. గుండె కొట్టుకోవడం, లెక్క, రెండూ ఒకటే అయిపోయాయి.

"ఇరవై ఐదు... వంద" అని ఏలీయా చివరి గుర్తు పెట్టి, చేతులు దులుపుకుని, వరస మీద వేలు ఆడించుకుంటూ వెళ్ళాడు. చివర ఆగాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. నుదురు ముడిపడింది. "అరవయ్యేనండి వరసలో. నోటి లెక్క అరవై ఒకటి వచ్చిందండి నాకు."

నోటి లెక్కకూ వరసకూ తేడా వస్తే చెల్లేది వరసే. అది ఏలీయాకూ తెలుసు.

మాణిక్యాలరావు కాలుమీద కాలేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా నోట్లో తిప్పుకున్న మాట, ఒక్కో అక్షరమూ విడివిడిగా పలికాడు, చూపు మాత్రం గోవిందరాజులు మీద. "వంద తక్కువొచ్చింది. నీ బుర్ర ఇక్కడ లేదు. మళ్ళీ పెట్టు."

"నా బుర్ర ఇక్కడే ఉందండి" అన్నాడు ఏలీయా. గొంతు పెంచలేదు. ముసలయ్య ఏలీయా వైపు చూసి, తల దించుకుని కాయలు అందుకున్నాడు.

గోవిందరాజులు కళ్ళు తెరిచాడు. మొహంలో ఏదో కదిలింది. "ఈ మాట నేను అనేవాణ్ణండి పూర్వం," అన్నాడు నెమ్మదిగా. "అచ్చం ఇలాగే. ఒకసారి ఓ లెక్కోడి చేత ఎనిమిది వేలూ మళ్ళీ పెట్టించేనండి. రాశి చూసి నేను వేసుకున్న అంచనా తప్పింది, అంతే. రెండోసారి సగంలో ఉండగానే తెలిసిపోయింది నాకు, వాడిదే సరైందని. ఆపెయ్యొచ్చు. ఆపలేదండి. పదిమందీ చూస్తన్నారు కదా. ఆ తర్వాత వాడు మళ్ళీ రాలేదు మా తోటకి. ఎక్కడున్నాడో."

సగంలో తెలిసిందా. అంటే ఒంటిగంటకు. రెండింటి దాకా ఉన్నాడు నాన్న.

"వాడు వెళ్తానని అడిగేడు కదండి మిమ్మల్ని" అన్నాడు మాణిక్యాలరావు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నాన్నకి బాగాలేదని చెప్పేడు. ఆ రోజే పోయేడండి వాళ్ళ నాన్న. వాడు లెక్కలో ఉండగానే."

"ఆయ్..." అన్నాడు గోవిందరాజులు, అలవాటుగా. ఖాళీ బొండాం ఒళ్ళో ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీకెలా... ఆ కుర్రాడు..." అన్నాడు.

"ఇప్పుడు కుర్రాడు కాదండి."

ముసలాయన ఇతని మొహం చూశాడు. వెతుక్కుంటూ చూశాడు. దొరికింది. బొండాం ఒడిలోంచి జారి నేల మీద పడింది, దాన్ని అందుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. తియ్యగా ఉంది, అబద్ధమెందుకు, నిజంగానే తియ్యగా ఉంది, లాభం నుంచి ఏడు దాకా లెక్కపెట్టేంత సేపు. ఎనిమిది దగ్గర రుచి పోయింది. అక్కడున్నది బనియను భుజం మీద చిరిగిన ఒక ముసలాయన. ఇరవై ఎనిమిదేళ్ళు పెట్టి కొన్నది ఇంతేనా? ఇంకా కావాలంటే ఇక్కడే ఉండాలి. ఉంటే పదకొండు దాటిపోతుంది. ఈ మనిషి కోసం నాన్నను పోగొట్టుకున్నది అప్పుడు ఆయన బలవంతం మీద. ఇప్పుడు ఎవరి బలవంతం మీద?

"లాభం... రెండు..." ఏలీయా మళ్ళీ మొదలెట్టాడు. ఆ గొంతు. ఇందాకటిది కాదు, నలిగిన గొంతు, కాయ విసిరే చెయ్యి అవసరమైన దానికంటే గట్టిగా విసురుతోంది. ఆ విసురు తనకు తెలుసు. అరచేతుల్లో పీచు గుచ్చుకునే విసురు. పద్నాలుగేళ్ళుగా ఒక్క కాయ తప్పకుండా లెక్కపెడుతున్న మనిషి. గోవిందరాజులుకు వేసిన దెబ్బ గోవిందరాజులు పక్కనుంచి పోయి, తిన్నగా ఏలీయా వీపు మీద పడింది. ఇక్కడ ఎవరు లెక్కోడు, ఎవరు ఆసామి? వాచీ ఎవరి చేతికి ఉంది? మాణిక్యాలరావు తన మణికట్టు చూసుకున్నాడు. పదీ ముప్పై నాలుగు.

లేచాడు. లెక్కయిన కాయల్లోకి వంగి చేతికందిన కాయ ఒకటి తీసి వరస చివర పెట్టాడు.

"ఆపు ఏలీయా. నీ లెక్కే సరైంది. అరవై ఒకటి. నేనే కాలితో తోసేను."

పోలిరాజు సెల్లు దించాడు. ఏలీయా చేతుల్లో రెండు కాయలు అలాగే ఉన్నాయి. అతను వరసను చూశాడు, మాణిక్యాలరావును చూశాడు, కాయలు రెండూ కింద పెట్టాడు, విసరకుండా. "ఆయ్ అండి" అన్నాడు. అందులో క్షమించడం ఉందో లేదో తెలియదు, అడిగి తెలుసుకునే వ్యవధి లేదు.

"మాణి... మాణిక్యాలరావు గారూ" అని ముసలాయన తడబడుతూ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. పొద్దున్న పోలిరాజు చెప్పిన పేరు ఇప్పుడు కూడా సరిగ్గా నోటికి రాలేదు. "కూర్చోండి" అన్నాడు మాణిక్యాలరావు. "ఇవాళ మీకో గంట ఇద్దామనుకున్నానండి. ఇంక ఇవ్వను." ఆ మాట ఆయనకు అర్థమయిందో లేదో. అర్థం కానక్కర్లేదు. క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. తన దగ్గర మిగిలిన దాంట్లోంచి ఈ మనిషికి ఇంకొక్క నిమిషం కూడా పోకూడదు, అంతే. ఇంతకంటే గట్టి పగ లేదు.

మోటారు సైకిలు మీద దారంతా ఏలీయా గొంతే వినపడింది. ముక్కామల దాటాడో లేదో గుర్తు లేదు అనుకుంటుండగా తెలివి వచ్చింది. మళ్ళీ బుర్ర అక్కడే ఉంది. కాలవ గట్టు మీద గాలి తగిలింది, తడి గాలి, చెరకు రసం బండి దగ్గర అల్లం నలిగిన వాసన. ఇది ఇప్పటి గాలి. ఇది చాలు. మళ్ళీ పోయింది, షెడ్డులోకి, ఒళ్ళోంచి జారిన బొండాం దగ్గరకి. మళ్ళీ లాక్కొచ్చాడు. దారి పొడుగునా ఇదే పని, ఎన్నిసార్లో.

పదకొండూ పన్నెండుకు వార్డు గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ మంచం మీద కూర్చుని, కట్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. పక్కన నర్సు చేతులు కట్టుకుని నిలబడింది.

"చూడండి బాబూ, మీరొస్తే గాని ముట్టుకోనివ్వనంటున్నారు మామ్మగారు. డాక్టరు గారు ఓసారొచ్చి వెళ్ళిపోయేరు."

"వచ్చేడా మాణిక్యం?" అంది అమ్మ. చెయ్యి తీయకుండానే.

మూడో సారి. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఇది మూడోసారి. "వచ్చేనే" అన్నాడు. ఆ మూడు అక్షరాలూ పలకడానికి చాలా ఓపిక కావలసి వచ్చింది.

"అయితే విప్పండమ్మా. మెల్లిగా. తొందరేం లేదు."

నర్సు ప్లాస్టరు ముక్కలు ఒక్కొక్కటే తీసింది, చర్మం కొంచెం లేస్తోంది దాంతో పాటు, దూది తీసింది, తడిగుడ్డతో రెప్పలు తుడిచింది. కన్ను రెండుసార్లు మూసుకుని తెరుచుకుంది. నీరు కారింది. అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. పార్వతి నవ్వబోయి ఆగిపోయింది.

"అయ్యో," అంది అమ్మ. "ఇంత ముసలాడివి ఎప్పుడైపోయేవురా?"

అతనికి లెక్క తెలుసు. సంవత్సరాలు, నెలలు, రోజులు, అన్నీ తెలుసు. అమ్మ చెయ్యి చాపింది, మొహం వైపు కాదు, చొక్కా వైపు. భుజం మీద అతుక్కున్న కొబ్బరి పీచు పోగును రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది, కనపడుతున్నందుకు మురిసిపోతూ. జేబులో ఫోను మోగింది, ఏలీయానో పోలిరాజో, మోగి మోగి ఆగింది. అతను నడుం వంచి మంచం పక్కన అలాగే నిలబడ్డాడు. ఆవిడ ఇంకో పోగు తీసింది, ఇంకోటి.

నడుం నొప్పెట్టి కాస్త కదిలాడు.

"కదలకురా," అంది. "ఇంకోటుంది."